టోక్తోగుల్ నీళ్ల సంగతి ఇంకెన్నాళ్లు నానుస్తారు? ముగ్గురు మంత్రులకు బహిరంగ లేఖ

కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ ఇంధన శాఖ మంత్రులకు,

అయ్యా, నేను కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న పల్నాడు అమ్మాయిని. కరెంటు గురించి మా వీధివాళ్లతో కలిసి పెట్టిన అర్జీల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

మేం అద్దెకుండే పాత ఇంట్లో వెచ్చదనం, వంట, వేడినీళ్లు అన్నీ కరెంటు మీదే. బయట మైనస్ 15 ఉన్నప్పుడు కరెంటు పోతే కాసేపటికే గోడలు మంచుముద్దలవుతాయి. కుక్కర్‌లో అన్నం సగం ఉడికి ఆగిపోతుంది. స్వెట్టర్ల మీద కోటు వేసుకుని, దుప్పటి కప్పుకుని ఫోన్ వెలుగులో అనాటమీ చదువుతాం. ఛార్జింగ్ అయిపోతుందేమోనని అదో టెన్షన్. వయసులో ఉన్నాం కాబట్టి మేం ఓర్చుకుంటాం. ఇంటి ఓనరమ్మకి డెబ్బై దాటాయి. ఆ రాత్రుల్లో ఆవిడ ఉన్ని బూట్లు కూడా విప్పకుండానే పడుకుంటుంది.

కారణం మీకు తెలియంది కాదు. మాకు కరెంటు ఇచ్చే కిర్గిజ్‌స్తాన్‌లోని టోక్తోగుల్ జలాశయంలో 1950 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. సోవియట్ కాలంలో వేసవిలో ఆ నీళ్లు కిందున్న ఉజ్బెక్, కజక్ పత్తి చేలకు వెళ్లేవి, చలికాలానికి కింది నుంచి గ్యాస్, బొగ్గు వచ్చేవి. 1991 తర్వాత గ్యాస్‌కి బజారు ధర పడింది, నీళ్లకి మాత్రం ధర ఉండదన్నారు. ఇక చలికాలంలోనే నీళ్లు వదిలి కరెంటు తీయడం మొదలైంది. గడ్డకట్టిన సిర్ దర్యా నదిలో పట్టక ఆ నీళ్లు పల్లపు భూములను ముంచాయి. వేసవిలో కిందున్న ఫెర్గానా లోయ రైతు అవే నీళ్ల కోసం ఎదురుచూస్తాడు.

కృష్ణా నీళ్లు తాగి పెరిగినదాన్ని, ఈ గొడవ నాకు తెలుసు. 2021లో శ్రీశైలం దగ్గర తెలంగాణ కరెంటు తీస్తుంటే సాగునీళ్లు పోతున్నాయని మావైపు గగ్గోలు పుట్టింది. 2023 నవంబరులో సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. మీవి వేర్వేరు దేశాలు. 2021 ఏప్రిల్‌లో ఇస్ఫారా నది మీద నీళ్లు పంచే చోట మొదలైన తగాదా కిర్గిజ్, తాజిక్ సైన్యాల కాల్పుల దాకా వెళ్లి ప్రాణాలు తీసింది.

నీళ్లకు బదులు ఇంధనం అని 1998 మార్చిలో మీ దేశాలే రాసుకున్నాయి. లెక్కలు ఏటికేడు తేల్చుకోవాలన్నారు. కొన్నేళ్లకే అది కాగితానికి పరిమితమైంది. 2009లో ఉజ్బెకిస్తాన్ మధ్య ఆసియా ఉమ్మడి కరెంటు గ్రిడ్ నుంచి తప్పుకుంది. 2023 జనవరిలో 1860 మెగావాట్ల కంబరాతా-1 జలవిద్యుత్ ప్రాజెక్టు మీద మూడు దేశాలూ సంతకాలు చేశాయి. మంచిదే, కానీ అది పూర్తయ్యేలోపు వచ్చే చలికాలాల మాటేమిటి?

దయచేసి చలి ముంచుకొచ్చాక కూర్చోకండి. వేసవిలో ఎన్ని నీళ్లు, చలికాలంలో ఎంత కరెంటు, నీళ్లు నిల్వ ఉంచినందుకు ఎంత డబ్బు, నీటిమట్టం పడిపోతే ఎవరి వాటా ఎంత తగ్గాలి, ఇవన్నీ కనీసం ఐదేళ్లకు రాసుకోండి. అక్టోబరు దాటనివ్వకండి. అర్జీలకు జవాబివ్వండి. ఇప్పటికే చాలా ఆలస్యమైంది.

ఇట్లు,
బిష్కెక్‌లోని ఒక తెలుగు విద్యార్థిని