కార్డుకి కన్నం ఎక్కడ పడిందో ఒకసారి చూడండి

మా దగ్గర ఎమర్జెన్సీ కార్డులు, అంటే ప్రమాదం జరిగితే మీరెవరో, ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే కార్డులు చేయించుకున్న అందరికీ నమస్తే. కొండపల్లి అడవిలో ట్రెక్కింగుకి వెళ్లేవాళ్లు, కృష్ణలో కయాకింగ్ చేసేవాళ్లు, తెల్లవారుజామున కరకట్ట మీద సైకిల్ తొక్కేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అందుకని దాచకుండా చెబుతున్నాం. మేం మొదట్లో ఇచ్చిన లామినేషన్ కార్డుల్లో లోపం ఉంది.

మీ కార్డు తీసి, తాడు కోసం వేసిన కన్నం చూడండి. అది లోపలి కాగితం మీద పడి ఉంటే ఆ కార్డు నీళ్లకి ఆగదు. లామినేషన్‌లో నీళ్లని ఆపేది అంచుల్లో ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ అతుక్కున్న భాగమే. కాగితాన్ని తొలిచి కన్నం వేస్తే, తెగిన అంచు దీపం వత్తిలా తడిని లోపలికి లాగుతుంది. పైగా అవి ఇంక్‌జెట్ ప్రింట్లు, ఆ సిరా తడికి పాకుతుంది. ముందు కన్నం చుట్టూ లేత నీలి మచ్చ వస్తుంది. ఆ తర్వాత ఫోన్ నంబరులో 3 ఏదో 8 ఏదో తెలియదు. పది అంకెల్లో ఒకటి పోతే నంబరు మొత్తం పోయినట్టే.

ఆ కార్డులు తెచ్చిస్తే డబ్బులు తీసుకోకుండా మార్చి ఇస్తాం. ఇకనుంచి కాగితం కార్డుకి చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదులుతాం. తాడు ఉండే వైపు ఇంకా ఎక్కువ వదిలి, కన్నం ఆ ప్లాస్టిక్‌లోనే వేస్తాం. ప్రింట్ లేజర్ ప్రింటరు మీద తీస్తాం, దాని టోనరు నీళ్లకి కరగదు. నీళ్లలోకి దిగేవాళ్లు మాత్రం ఇది కూడా తీసుకోకండి. లేజరుతో అక్షరాలు చెక్కిన స్టీలు బిళ్ల తీసుకోండి. సూర్యలంక సముద్రంలో వాడితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి, ఉప్పు అలాగే ఉంటే స్టీలుకి కూడా మచ్చలు పడతాయి.

రాతలో కూడా మార్పు చేశాం. ఇన్నాళ్లూ బ్లడ్ గ్రూప్ పెద్ద అక్షరాల్లో పైన వేశాం. అది సరైన పద్ధతి కాదు. కార్డు మీద ఏముందో చూసి ఆసుపత్రిలో రక్తం ఎక్కించరు, వాళ్లు పరీక్ష చేసుకునే ఎక్కిస్తారు. వాళ్లకి ముందు తెలియాల్సింది వేరే ఉంది. రక్తం పలచబడే మందు వాడుతున్నారా, ఇన్సులిన్ తీసుకుంటారా, ఫిట్స్ ఉన్నాయా, ఏ మందు పడదు. తలకి దెబ్బ తగిలిన మనిషి రక్తం పలచబడే మందు మీద ఉన్నారంటే డాక్టరు చూసే తీరే మారిపోతుంది. కాబట్టి పేరు, పుట్టిన సంవత్సరం, ఆ వెంటనే ఇవి. వయసు రాయించకండి, ఏడాది తిరిగేసరికి తప్పవుతుంది. ఇంటి అడ్రసు కూడా వద్దు. తాళాలతోపాటు కార్డు పోతే దొంగకి దారి చూపినట్టవుతుంది.

కాంటాక్ట్ నంబర్లు రెండు ఉండాలి, ఇద్దరూ మీతో రానివాళ్లై ఉండాలి. భార్యాభర్తలు ఒకే పడవలో కూర్చుని ఒకరి కార్డు మీద ఒకరి నంబరు వేయించుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు ఆ రెండు ఫోన్లూ నీళ్లలోనే ఉంటాయి. నంబరు పక్కన పేరు, వరస రెండూ రాయించండి. ‘అమ్మ’ అని మాత్రమే ఉంటే ఫోన్ చేసే కొత్తమనిషికి ఎవరిని అడగాలో తెలియదు. ఆ ఇద్దరికీ ముందే చెప్పండి, తెలియని నంబరు వస్తే కట్ చేయొద్దని, మీరు బయట ఉన్న రోజు ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దని.

క్యూఆర్ కోడ్ ఒక్కటే వేయమని కొందరు అడుగుతున్నారు. వేయం. ఆ లింకు తెరుచుకోవాలంటే నెట్ కావాలి. నల్లమల లోపల సిగ్నల్ లేనిచోట అది గళ్ల బొమ్మ తప్ప మరేమీ కాదు. అక్షరాలు ముందు ఉండాలి, కావాలంటే కోడ్ వెనకవైపు వేస్తాం.

ఎక్కడ పెట్టుకోవాలన్నది రాత కంటే ముఖ్యం. కయాక్ బోల్తాపడితే పడవ ఒకవైపు, మనిషి ఒకవైపు పోతారు. అందుకే బిళ్ల పడవకి కాదు, లైఫ్ జాకెట్‌కి ఉండాలి. ట్రెక్కింగ్‌లో బ్యాగు దించి పక్కన పెడతారు, కాబట్టి కార్డు ప్యాంటు జిప్పు జేబులో ఉండాలి. సైకిల్ వాళ్లకి మణికట్టు పట్టీ మేలు, హెల్మెట్ ఊడిపోవచ్చు. హెల్మెట్ డొప్ప మీద గమ్ముతో అంటించే పని అసలు చేయకండి, కొన్ని గమ్ముల్లోని రసాయనం పాలీకార్బొనేట్‌ని పగుళ్లు తీయిస్తుంది. రాళ్లెక్కేవాళ్లు, నీళ్లలోకి దిగేవాళ్లు మెడలో గట్టి తాడు వేసుకోవద్దు. కొమ్మకో రాతికో తగులుకుంటే ఆ తాడే ఉరి అవుతుంది. మెడలోనే కావాలంటే లాగితే ఊడిపోయే క్లిప్పు ఉన్నదే ఇస్తాం.

ఫోన్‌లో కూడా ఐదు నిమిషాల పని ఉంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ, ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లోని మెడికల్ ఐడీ. అక్కడ వివరాలు నింపి, లాక్ ఉన్నా కనిపించేలా పెట్టండి. తర్వాత ఫోన్ లాక్ చేసి, ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి వెతకమనండి. వాళ్లకి దొరక్కపోతే దారినపోయేవాళ్లకీ దొరకదు.

ఇంటి దగ్గర కూడా ఒక చీటీ ఉంచండి. ఎక్కడ మొదలుపెడుతున్నారు, ఏ దారిన వెళ్తారు, ఎంతమంది, బండి నంబరు, బండి ఎక్కడ ఆపుతారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్నింటిదాకా ఫోన్ రాకపోతే 112కి చేయాలి. ‘సాయంత్రానికి వచ్చేస్తాం’ అని రాయకండి, గంట వేయండి. సాయంత్రం అంటే ఇంట్లోవాళ్లు ఎనిమిదింటిదాకా ఎదురుచూస్తారు, అప్పటికి చీకటి పడి వెతకడం కష్టమవుతుంది. ఈ చీటీ నమూనా కౌంటర్ దగ్గర ఉంది, కార్డు కొనకపోయినా తీసుకెళ్లండి.

స్టీలు బిళ్లకి రెండు రోజులు పడుతుంది. చెక్కాక తప్పు దిద్దడం కుదరదు. అందుకని చెక్కేముందు నంబర్లు కాగితం మీద వేసి మీకిస్తాం. మీ ఫోన్‌లోంచి వాటికి ఒకసారి డయల్ చేసి, రింగైందంటేనే సరే అనండి.