వాయించిందెవరో చెప్పకుండా సంగీతం అమ్మకూడదు

సంపాదకులకు నమస్కారం.

ఫోన్‌లో సంగీతం వినిపించే యాప్‌లలో పాశ్చాత్య స్వరకర్త షోపాన్ పేరుతో వెతికితే పియానో ట్రాక్‌లు లెక్కలేనన్ని వస్తాయి. స్వరకర్త పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ‘నిద్రకు పియానో’, ‘చదువుకునేటప్పుడు పియానో’ లాంటి జాబితాల్లోకి వెళితే మాత్రం వాయించిందెవరో, ఎక్కడ, ఏ సంవత్సరంలో రికార్డు చేశారో చాలాసార్లు దొరకదు. మన వీణ, వేణువు రికార్డింగుల్లో మృదంగం ఎవరిదో వెతికినా ఇదే పరిస్థితి. దీన్ని చిన్న లోపమని వదిలేయకూడదు, చట్టంలోనే సరిచేయాలి అని చెప్పడానికే ఈ ఉత్తరం.

పేరు విషయంలో అడిగేవాళ్లు లేకపోతే ఎంత దూరం వెళ్తుందో ఇంగ్లండులో జరిగిన జాయిస్ హాటో ఉదంతం చూపించింది. ఆమె 1928లో లండన్‌లో పుట్టిన పియానిస్టు. 1970ల్లో కచేరీలు మానేశారు. అనారోగ్యంతో ఇంట్లోనే ఉంటున్నారని చెప్పేవారు. అలాంటి ఆమె పేరుతో, భర్త విలియం బారింగ్టన్ కూప్ నడిపే చిన్న కంపెనీ వందకు పైగా సీడీలు విడుదల చేసింది. షోపాన్, లిస్ట్, బీతోవెన్, రఖ్మానినోవ్ లాంటి స్వరకర్తల రచనలు, ఇంకా ఎన్నో. ఏ ఒక్క పియానిస్టు చేతుల్లోనూ ఇన్ని శైలులు ఇంత బాగా పలకవు. అయినా విమర్శకులు ఆమెను ఆకాశానికెత్తారు. 2006లో ఆమె చనిపోయినప్పుడు పెద్ద పత్రికలు గొప్పగా నివాళులు రాశాయి.

2007 ఫిబ్రవరిలో నిజం బయటపడింది. స్వరకర్త లిస్ట్ పియానోకు రాసిన పన్నెండు కష్టమైన సాధన రచనలు, ‘ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్‌’లు, ఆమె వాయించారన్న సీడీని ఒక శ్రోత కంప్యూటర్‌లో పెట్టాడు. పాటలు వినిపించే ఐట్యూన్స్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీద హాటో పేరు రాలేదు, హంగరీ పియానిస్టు లాస్లో షిమోన్ పేరు వచ్చింది. సీడీలో ప్రతి ట్రాక్ ఎంతసేపు ఉందన్న లెక్కను ఆ సాఫ్ట్‌వేర్ ఒక పెద్ద జాబితాతో పోల్చి సీడీని గుర్తుపడుతుంది. ఆ విషయం విమర్శకుల ద్వారా లండన్‌లోని ‘గ్రామఫోన్’ పత్రికకు చేరింది. వాళ్లు ఒక సౌండ్ ఇంజినీరు చేత రెండు సీడీల ధ్వని తరంగాలను పక్కపక్కన పెట్టి చూపించారు. పన్నెండింటిలో పది షిమోన్‌వే అని తేలింది. వెతికేకొద్దీ ఇంకొకరివి, మరొకరివి బయటికొచ్చాయి. కొన్నిటిని గుర్తుపట్టకుండా వేగం కూడా మార్చారు. చివరికి భర్త ఒప్పుకున్నాడు. షిమోన్ రికార్డింగును విడుదల చేసిన స్వీడన్ కంపెనీ ‘బిస్’ అధిపతికి ఉత్తరం రాశాడు. వాయిస్తూ ఆమె నొప్పితో మూలిగిన చోట్ల అతికించడానికి వేరేవాళ్ల ముక్కలు వాడానని, పోనుపోను అవి పెద్దవయ్యాయని చెప్పుకున్నాడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ భర్త చేసిన మోసం కాదు, లాస్లో షిమోన్‌కు జరిగిన అన్యాయం. ఆ పన్నెండు ఎట్యూడ్‌లు వాయించడానికి గంటకు పైగా పడుతుంది. 1852లో అచ్చయిన వాటి తుది రూపం మామూలు చేతులకు అందదు. వాటిలో ఒకటైన ‘మజెప్పా’లో చేతులు పియానో ఒక కొస నుంచి ఇంకో కొసకు దూకుతూనే ఉండాలి. ఇంకొకటైన ‘ఫూ ఫొలే’లో కుడిచేయి రెండేసి స్వరాలను గుసగుసలాడినంత మెత్తగా, మెరుపు వేగంతో పలికించాలి. అక్కడిదాకా రావడానికి ఒక మనిషి జీవితంలో ఎన్నేళ్లు పోయుంటాయి! ఆ శ్రమకు దక్కాల్సిన మెప్పు వేరే పేరు మీదికి పోయింది.

“సంగీతం బాగుంటే చాలదా, పేరెందుకు?” అనేవాళ్లున్నారు. వాళ్లకు షోపాన్ మజుర్కాల సంగతి చెప్పాలి. హాటో మోసం బయటపడిన సమయంలోనే లండన్ విశ్వవిద్యాలయంలోని రాయల్ హాలోవే కాలేజీలో నికొలస్ కుక్, క్రెయిగ్ సాప్ అనే పరిశోధకులు మజుర్కాలను ఎవరెలా వాయించారో కొలుస్తున్నారు. మజుర్కా మూడు దెబ్బల నాట్యం. కాగితం మీద ఆ మూడూ సమానమే. వాయించేటప్పుడు మాత్రం ఒకరు రెండో దెబ్బను కాస్త సాగదీస్తారు, ఇంకొకరు మూడో దానిమీద ఆగుతారు. తోడి రాగం ఆలాపన మొదలైన రెండు క్షణాల్లోనే పాడుతున్నదెవరో మనకు తెలిసిపోయినట్టు, ఆ సాగదీతలో వాయించే మనిషి తెలిసిపోతాడు. ఒక్కో దెబ్బ ఎంతసేపు నిలిచిందో కొలిచి చూస్తే హాటో పేరుతో ఉన్న రికార్డింగు, యూజెన్ ఇంజిచ్ అనే పియానిస్టు రికార్డింగు అచ్చుగుద్దినట్టు ఒకటిగా వచ్చాయి. ఒకే మనిషి రెండుసార్లు వాయించినా అలా రాదు. వాయిద్యంలో మనిషి ఉంటాడనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన చట్టం ఈ మాటను సగమే ఒప్పుకుంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో సెక్షన్ 38బి వచ్చింది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పాలని అడిగే హక్కు కళాకారుడికి ఇచ్చింది. అయితే, వాడుక తీరును బట్టి పేరు చెప్పడం కుదరనప్పుడు మినహాయింపు ఉంది. చేతిలో తెర ఉన్న యాప్‌కు అది వర్తిస్తుందని నేను ఒప్పుకోను. పెద్ద లోటు సెక్షన్ 52ఏలో ఉంది. రికార్డింగు తయారుచేసిన వారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం తప్పకుండా వేయాలంటుంది. పాడినవారి, వాయించినవారి పేరు మాత్రం అడగదు!

పూర్వం ఇలా ఉండేది కాదు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ రికార్డులకు పాడిన గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పేవారు. రికార్డులు జర్మనీలోని హనోవర్‌లో తయారయ్యేవి కాబట్టి అక్కడివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి. ఆకాశవాణి సంగతి మనందరికీ తెలుసు. కచేరీకి ముందు వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని ఒక్కొక్క పేరూ చదువుతారు. రేడియోకు సాధ్యమైనది యాప్‌కు ఎందుకు కాదు? ఇప్పుడు కంప్యూటరే పియానో మోతను తయారుచేసి ఏ పేరైనా తగిలించగలదు కనుక ఆలస్యం చేసేకొద్దీ నష్టం పెరుగుతుంది.

అందుకే సెక్షన్ 52ఏలో ప్రధాన కళాకారుడితోపాటు పక్కవాద్యకారుల పేర్లు కూడా చేర్చాలి. రికార్డు చేసిన చోటు, సంవత్సరం కూడా ఉండాలి. ఆన్‌లైన్‌లో వినిపించే వాటికీ ఇది వర్తించాలి. కంప్యూటర్ తయారుచేసినదైతే ఆ మాట రాయాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు దీన్ని పార్లమెంటులో ప్రస్తావించాలని నా విన్నపం. మీ పత్రిక కూడా కచేరీ వార్తల్లో, సమీక్షల్లో పక్కవాద్యాల వారి పేర్లు వదలకుండా వేస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక సంగీత శ్రోత,
కాకినాడ