వార్షిక నివేదిక: హత్యలతో గడిచిన ఏడాది

మన సినిమా సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఈ ఏడాదంతా క్రైమ్ థ్రిల్లర్లే వేద్దామని మీరే చేతులెత్తారు. కాబట్టి ఈ నివేదికలో హత్యలు కాస్త ఎక్కువే ఉంటాయి. నెలకో సినిమా అనుకున్నాం. దాళ్వా కోతలప్పుడు ఒకటి, వరదలప్పుడు ఒకటి ఆగిపోయాయి. మిగతావి గ్రంథాలయం పై హాల్లో అనుకున్నట్టే నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ప్రొజెక్టర్ బల్బు తప్ప పెద్ద ఖర్చేమీ లేదు.

వంశీ 'అన్వేషణ' (1985)తో మొదలుపెట్టాం. మన గోదావరి వాడి థ్రిల్లర్‌ని పక్కన పెట్టి ఇంకోటి వేస్తే ఊళ్లో తిరగనివ్వరు! అడవిలో జరిగే చావులు పులి పనేనని అందరూ అనుకునే కథ అది. హాల్లో సగం మందికి హంతకుడెవరో ముందే తెలుసు. అయినా ఒక్కరూ జేబులోంచి ఫోన్ తీయలేదు. జవాబు తెలిసిన పొడుపుకథ మళ్లీ ఎందుకు కూర్చోబెట్టిందన్న ప్రశ్న ఆ రోజు తేలలేదు. పాటలొస్తే టెన్షన్ చచ్చిపోతుందని వాదించేవారికి మాత్రం గట్టి దెబ్బే తగిలింది. అందులో కథానాయిక అడవికొచ్చేదే సంగీత పరిశోధనకి. ఇళయరాజా పాటలు కథని ఆపవు, ఇంకాస్త లోపలికి తీసుకెళ్తాయి.

ఆ ప్రశ్నకి జవాబు సినిమా వేయని నెలలో దొరికింది. వాన పడుతుంటే ఎనిమిది మందిమి ఊరికే టీ తాగుతూ కూర్చున్నాం. గోదారి మధ్యలోని లంక ఊరి నుంచి వచ్చే సభ్యురాలు ఒకరు 1986 ఆగస్టు సంగతి ఎత్తారు. ఆ ఏడాది భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి చేరింది. "నీళ్లొస్తాయని మాకు తెలుసండీ. తెలియంది ఎప్పుడన్నదే. గట్టున నాన్న పుల్ల గుచ్చాడు. రాత్రంతా లాంతరు పట్టుకుని ఆ పుల్లనే చూశాం. తెలియకుండా వచ్చుంటే ఒక్కసారి భయపడి ఊరుకునేవాళ్లం" అన్నారు. ఇంగ్లీషు థ్రిల్లర్లు తీసిన దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిందీ ఇదే. బల్ల కింద బాంబుందని ప్రేక్షకుడికి తెలియకపోతే, అది పేలినప్పుడు పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. ఆవిడ పుల్ల మాత్రం నాకు ఆ బాంబు కన్నా బాగా అర్థమైంది.

తర్వాత నెలలో హిచ్‌కాక్ 'సైకో' (1960) వేశాం. స్నానాల గది హత్య గురించి అందరూ చదివే వచ్చారు. ముప్పావు నిమిషం సన్నివేశానికి ఏడు రోజుల షూటింగ్ పట్టింది. కానీ మన హాల్లో ఊపిరి బిగబట్టింది అక్కడ కాదు. శవమున్న కారుని బురదగుంటలోకి తోశాక, అది సగం మునిగి ఆగిపోతుంది. వెనక వరసలో ఒకాయన "మునుగు, మునుగు" అనేశారు! తర్వాత ఆయనే సిగ్గుపడ్డారు. నేరాన్ని దాచేవాడి పక్షాన మనల్ని నిలబెట్టడం కన్నా పెద్ద పట్టు ఇంకేముంటుంది?

వెంకటేష్ 'దృశ్యం' (2014) వేసినప్పుడూ అంతే. ఎవరు చంపారో, ఎందుకో కళ్లముందే జరుగుతుంది. దాచిపెట్టిన విషయం దాదాపు ఏమీ లేదనిపిస్తుంది. బస్సు టికెట్టు, సినిమా టికెట్టు, హోటల్ బిల్లు... ఇలాంటి మన జేబుల్లో ఉండే కాగితాల మీదే కుటుంబం ప్రాణం ఆధారపడి ఉంటుంది. చిన్నపిల్లని పోలీసులు ప్రశ్నించే చోట ఒకరిద్దరు ఆడవాళ్లు లేచి బయటికెళ్లారు.

ఈ మధ్య వచ్చిన మరో రెండు కూడా వేశాం. చివరి పావుగంటలో ట్విస్టు మీద ట్విస్టు. సభ్యుల్లో కుర్రాళ్లకి నచ్చాయి. నాకు నచ్చలేదు. వాటిల్లో ఎవరు చచ్చినా బాధ లేదు, ఎవరు దొరికినా ఆనందం లేదు.

ఒక లోపం కూడా చెప్పాలి. డిసెంబరు ప్రదర్శనలో క్లైమాక్స్‌కి ముందు కరెంటు పోయింది. ఇన్వర్టర్ చార్జింగ్ పెట్టడం మర్చిపోయింది నేనే. నలభై నిమిషాలు చీకట్లో కూర్చుని హంతకుడెవరో పందేలు కాసుకున్నారు గానీ ఎవరూ ఇంటికెళ్లలేదు.

వచ్చే ఏడాదికి హాస్య చిత్రాలు కావాలని కొందరడిగారు, సమావేశంలో ఓటింగ్ పెడతాం. మెట్ల దగ్గరే హంతకుడి పేరు చెప్పేసిన సభ్యుడి నుంచి జరిమానాగా ఒకసారి టీ ఖర్చు వసూలైంది. రెండోసారిది ఇంకా బాకీ.

ఇట్లు,
కార్యదర్శి