సీజనల్ హాస్టల్ దసరాకే తెరవండి సార్

గౌరవనీయులైన విద్యాశాఖ అధికారి గారికి,

కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో బడికీ ఇంటికీ మధ్య తిరగడం నా పని. రిజిస్టర్‌లో వరసగా ఆబ్సెంట్ పడిన పేర్లు రాసుకుని పొద్దున్నే ఆ ఇళ్లకు పోతాను. పత్తి తీతలు, మిరప కోతలు మొదలయ్యాక చాలా ఇళ్లకు తాళాలే.

నిరుడు ఒక ఇంటి ముందు ఆటోలో మూటలు, వంటగిన్నెలు, కాళ్లు కట్టేసిన కోడి. వాటి మధ్య ఆరో తరగతి పిల్ల, ఒళ్లో బడి సంచి. "గుంటూరు పక్కకు పోతాండాం సార్. పిల్లను ఎవరి దగ్గర ఇడిసి పోవాల?" అంది తల్లి. నా దగ్గర జవాబు లేదు. వలస పోయేవాళ్ల పిల్లలు ఇక్కడే ఉండి చదువుకోవాలనే పెట్టిన సీజనల్ హాస్టల్‌ను, ఆటో వెళ్లిపోయాక తెరిస్తే ఏం లాభం? కాగితాల్లో మాత్రం అది తెరిచినట్టే లెక్క.

ఆ పిల్లను గుంటూరు పక్క బడిలో చేర్చబోతే టీసీ అడిగారట. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని పిల్లల్ని చేర్చుకోకుండా ఆపకూడదు. ఈ సంగతి సర్క్యులర్‌గా హెడ్మాస్టర్లకు పంపించండి. నేను ఫోన్‌లో చెబితే ఎవరు వింటారు?

ఈసారి దసరా సెలవులు అయ్యేసరికే హాస్టల్ తెరవండి. వంటమనిషినీ దుప్పట్లనూ ముందే చూడండి. నిరుడు పిల్లలొచ్చిన పది రోజులకు దుప్పట్లొచ్చాయి. వలస పోయే ఇళ్ల పట్టిక నా దగ్గరుంది, ఎప్పుడు పిలిచినా తెస్తాను.

ఇట్లు,
ఒక బడి కార్యకర్త