మా నాన్న ‘అదే’ని విన్న సిస్టర్‌కి

ఇంటికి వచ్చి రెండు రోజులైంది. సరిగ్గా నిద్రపోయి మాత్రం మూడు వారాలు దాటింది. తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే ఇక ఎప్పటికీ రాయనేమో అని కూర్చున్నాను.

నాన్నకి స్ట్రోక్ వచ్చింది. మెదడులో ఎడమవైపు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, వాటితో పాటు మాట కూడా. అఫేసియా అన్నారు. ఏమడిగినా ఆయన నోటి నుంచి ఒక్కటే వచ్చేది, “అదే.” నొప్పా అంటే అదే. చలేస్తోందా అంటే అదే. నన్ను చూసి అదే, డాక్టర్‌ని చూసీ అదే. అమ్మ, తమ్ముడు, మా ఆయన వంతులేసుకుని కాపలా ఉన్నారు. వాళ్లకి ఇక్కడ థాంక్స్ చెబితే ఇంట్లో తిట్లు తప్పవు, వదిలేస్తున్నా.

ఈ పోస్టు ఒక సిస్టర్ కోసం. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను.

నాలుగో రోజు రాత్రి నాన్న ఎడమ చేత్తో మంచం కడ్డీని కొడుతూనే ఉన్నారు. నైట్ డ్యూటీలో ఉన్నావిడ చెవి దగ్గరికి వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు “పడుకో తాతా!” అని గట్టిగా అరిచింది. ఆయన ఇంకా ఎక్కువ కొట్టారు. ట్యూబులు లాగేసుకుంటారని ఆ ఒక్క చేతినీ కడ్డీకి కట్టేశారు. కేస్ షీట్‌లో ‘పేషెంట్ సహకరించడం లేదు’ అని రాశారు. “ఆయనకి మొదట్నుంచీ కోపం ఎక్కువేనండీ” అని పక్కనుంచి అన్నది నేనే. ఈ ముక్క రాయకుండా దాటేద్దామనుకున్నా, మనసొప్పలేదు.

పొద్దున డ్యూటీకి ఈ సిస్టర్ వచ్చారు. ముందు కట్టు విప్పారు. స్టూలు లాక్కుని, నాన్నకి ఎదురుగా, ఆయన కళ్ల ఎత్తులో కూర్చున్నారు. “బాబాయ్ గారూ, మీకు ఏదో ఇబ్బందిగా ఉంది. అదేంటో నేను కనుక్కుంటాను. కాస్త టైమ్ పడుతుంది, పర్లేదు, నాకేం తొందర లేదు” అన్నారు. తొందర లేదన్నది పచ్చి అబద్ధం. వార్డు నిండా పేషెంట్లు ఆవిడ కోసమే చూస్తున్నారు.

తల మీద చెయ్యి పెట్టి “ఇక్కడా?” అన్నారు. ఆగారు. భుజం మీద పెట్టి “ఇక్కడా?” మళ్లీ ఆగారు. ఆ ఆగడం నాకు ఎంత పొడుగ్గా అనిపించిందంటే, నాన్న తరఫున నేనే చెప్పేయబోయాను. నా వైపు చూడకుండానే వేలు పైకెత్తి నన్ను ఆపేశారు. ఛాతీ. పొట్ట. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టగానే నాన్న ఆవిడ మణికట్టు పట్టేసుకుని “అదే! అదే!” అన్నారు. దుప్పటి తీసి చూస్తే యూరిన్ పైపు తొడ కింద మడతపడి ఉంది. సరిచేయగానే మా కళ్లముందే బ్యాగ్ నిండడం మొదలైంది.

రాత్రంతా ఆయన చెప్పింది అదే.

“క్షమించండి బాబాయ్ గారూ, మాకు ఆలస్యంగా అర్థమైంది” అన్నారు ఆవిడ. నాతో కాదు, ఆయనతో. నేను కారిడార్‌లోకి పోయి గోడకి ఆనుకుని ఏడ్చాను. స్ట్రోక్ వచ్చిన రోజు కూడా అంత ఏడవలేదు.

తర్వాత నాకూ నేర్పారు. మాట పోయిందంటే బుర్ర పోయిందని కాదు, చెవులు పోయాయనీ కాదు. ఒకేసారి రెండు ప్రశ్నలు వేయొద్దు. అవునని తలూపినా వెంటనే నమ్మేయొద్దు, అఫేసియాలో అవును, కాదు తారుమారవుతాయి. అందుకే “దుప్పటి కావాలా?” అని అడిగాక “దుప్పటి వద్దా?” అని కూడా అడగాలి. నొప్పికి ఆరు ముఖాల బొమ్మలున్న కార్డు చూపించేవారు, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా. నాన్న వేలు పెట్టి చూపించేవారు. మందుల డబ్బా అట్ట చింపి, స్కెచ్ పెన్‌తో రాసి తల వైపు అంటించారు: ‘నాకు వినిపిస్తుంది. ఒక్కొక్కటే అడగండి. జవాబుకి ఆగండి.’

ఇంకోటి. పక్కకి తిప్పేటప్పుడు “ఒకటి, రెండు” అని లెక్కపెట్టేవారు. ఓ రోజు నాన్న “మూడు, నాలుగు, ఐదు” అని అందుకున్నారు! నేను ఎగిరి గంతేశాను. ఆశ పెట్టుకోండి కానీ మరీ ఎక్కువ వద్దన్నారు. అంకెల్లాగా నోటికి వచ్చేసినవి ఒక్కోసారి మిగులుతాయట, మామూలు మాట రావడం వేరట. అయినా ఆ మూడు అంకెలు నాకు చాలు.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో చదివాను. 1861లో ఫ్రాన్స్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్ దగ్గరికి వచ్చిన ఒక రోగి ‘టాన్’ అని తప్ప ఇంకేమీ దాదాపు అనలేకపోయేవాడట. ఆసుపత్రిలో 21 ఏళ్లున్నాడు, అందరూ అతన్ని టాన్ అనే పిలిచారు. అసలు పేరు లెబోర్న్. అతని మెదడు చూసే మాట ఎక్కడ పుడుతుందో బ్రోకా చెప్పగలిగాడు. నాకు మాత్రం ఆ 21 ఏళ్లే బుర్రలో తిరిగాయి. అతని దగ్గర స్టూలు వేసుకుని ఎవరైనా కూర్చున్నారా?

పదో రోజు ఆవిడని వేరే వార్డుకి మార్చారు. మళ్లీ మొదటికొచ్చింది. డ్యూటీ మారేటప్పుడు బీపీ చెప్పుకుంటారు, షుగర్ చెప్పుకుంటారు, ఈయనతో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పుకోరు. కేస్ షీట్‌లో దానికి ఒక్క గడి కూడా లేదు. గోడ శుభ్రం చేస్తూ ఆ అట్టని రెండుసార్లు పీకేశారు, నేను రెండుసార్లు అంటించాను. స్పీచ్ థెరపిస్ట్ పదకొండో రోజుకి గానీ రాలేదు, వచ్చి అరగంట ఉన్నారు. నైట్ సిస్టర్ మీద నాకు కోపం లేదు. ఉండేది, పోయింది. అన్ని మంచాలకి ఒక్క మనిషిని పెట్టి, ప్రతి ‘అదే’ దగ్గరా ఆగమంటే ఎవరి తరం? ఆ డ్యూటీ చార్టు వేసేవాళ్లని ఒక్క రాత్రి మా మంచం పక్కన కూర్చోబెట్టాలనుంది, అంతే.

అయ్యో, ఆయమ్మని మర్చిపోయాను. అడగకుండానే దిండు కుడి చెయ్యి కింద సర్దేది. ఫిజియోథెరపీ అబ్బాయికి కూడా థాంక్స్. పక్క మంచం వాళ్లమ్మాయి ఛార్జర్ ఇంకా నా బ్యాగ్‌లోనే ఉంది, పంపిస్తానమ్మా. స్కాన్‌కి తీసుకెళ్తూ ప్రతి మలుపు దగ్గరా “ఇప్పుడు తిప్పుతున్నా సార్” అని నాన్నకి చెప్పిన వార్డ్ బాయ్, నీ పేరు అడగనే లేదు బాబూ. నీకూ.

ఇంకా ఎవరో ఉన్నారు, గుర్తొస్తే కింద రాస్తాను. లోపల నాన్న స్పూన్‌తో గ్లాసు కొడుతున్నారు. వెళ్లి ఏంటో కనుక్కోవాలి.