రాబర్ట్స్ గారి పెద్దమనసు గురించి రాసింది సగమే

ఎడిటర్ గారికి నమస్కారం,

ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) మీద 2012 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి మీ సంపాదకీయం చదివిన రోజే రాద్దామనుకున్నా, ఆఫీసు పనితో ఇప్పటికి కుదిరింది. చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ పార్టీలకి అతీతంగా నిలబడ్డాడని తెగ మెచ్చుకున్నారు. బుష్ వేసిన జడ్జి, పక్కా కన్జర్వేటివ్, 2005లో ఈయన వద్దని సెనేటర్‌గా ఒబామా ఓటు కూడా వేశాడు, అలాంటాయనే తొమ్మిది మంది జడ్జిల్లో ఐదో ఓటు వేసి ఒబామా చట్టాన్ని కాపాడాడంటే వినడానికి బాగానే ఉంటుంది. అసలు ఏం ఇచ్చాడో, దానికి బదులు ఏం పట్టుకెళ్లాడో కూడా రాయాలి కదా సార్?

హెల్త్ ఇన్సూరెన్స్ కొనకపోతే జరిమానా అనే రూల్‌ని ఉంచాడు, నిజమే. కానీ వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) ఇలాంటి రూల్ పెట్టడానికి వీల్లేదని తోటి కన్జర్వేటివ్ జడ్జిలు స్కాలియా, థామస్ వాళ్ల మాటే తనూ అన్నాడు. అంటే రేపు ఇంకో చట్టం తేవాలన్నా ఆ దారికి ఇప్పుడే అడ్డం కట్టేశాడు. మరి దీన్ని ఎలా ఉంచాడయ్యా అంటే, ఇది టాక్స్, టాక్స్ వేసే అధికారం కాంగ్రెస్‌కి ఉంది అన్నాడు! టాక్స్ కట్టకముందే దానిమీద కోర్టుకి రాకూడదని ఇక్కడ అమెరికాలో పాత చట్టం ఒకటుంది, ఆ ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం ఇది టాక్స్ కాదు పెనాల్టీయే అన్నాడు, కొన్ని పేజీలు తిప్పేసరికి అదే టాక్స్ అయిపోయింది. ఇది టాక్స్ కానే కాదని 2009లో ఒబామా టీవీలో గట్టిగా చెప్పి ఉన్నాడు. ఆ ఏడాది నవంబర్‌లోనే ప్రెసిడెంట్ ఎలక్షన్లు. ఒబామా పన్నులు పెంచాడని రిపబ్లికన్లు ఆ సాయంత్రానికే మొదలెట్టేశారు, వాళ్ల అభ్యర్థి రామ్నీ మసాచుసెట్స్ గవర్నర్‌గా 2006లో పెట్టిందీ ఇలాంటి రూలేనని ఎవరికీ గుర్తులేదు మరి.

ఇంకోటి. 2000లో బుష్‌ని గెలిపించిన తీర్పు 5-4, ఎలక్షన్లలో కంపెనీల డబ్బుకి గేట్లెత్తిన 2010 తీర్పూ 5-4. ఇప్పుడు మళ్లీ అదే లెక్కన ఎలక్షన్ ఏడాదిలో ప్రెసిడెంట్ చట్టాన్ని కొట్టేస్తే కోర్టు పరువు ఏమవుతుందో ఆయనకి తెలియదా? అందుకే పాము చావకుండా కర్ర విరగకుండా చూసుకున్నాడు. ముందు కొట్టేసే వైపే ఉండి తర్వాత మనసు మార్చుకున్నాడని సీబీఎస్ టీవీ వాళ్లు బయటపెట్టారు కూడా. తప్పని నేననట్లేదు, తెలివైన రాజకీయం అంటున్నా. దాన్ని మీరు త్యాగం అంటేనే నాకు ఒళ్లు మండింది.

ఇక మీరు ఒక్క ముక్క కూడా రాయనిది మెడికెయిడ్, అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా. పేదరిక రేఖకి కొంచెం పైదాకా ఉన్న పెద్దవాళ్లందరికీ మెడికెయిడ్ ఇవ్వాలి, లేకపోతే రాష్ట్రానికి ఇప్పుడొచ్చే మెడికెయిడ్ డబ్బు కూడా ఆపేయొచ్చని చట్టంలో ఉంది. అలా బెదిరించకూడదని 7-2తో తేల్చారు, ఒబామా స్వయంగా వేసిన జడ్జి కేగన్ కూడా ఆ ఏడుగురిలో ఉంది. ఇంకేముంది, అప్పటి మా టెక్సస్ గవర్నర్ పెర్రీ గారు మాకొద్దని ఉత్తరం రాసేశారు. మొదటి మూడేళ్లు మొత్తం ఖర్చు కేంద్రమే పెట్టుకుంటానంది, తర్వాత కూడా 90 శాతానికి తగ్గకుండా ఇస్తానంది, అయినా వద్దట! దేశం మొత్తంలో ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం టెక్సస్‌లోనే ఎక్కువ.

మా ఏరియాలో గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్ట్ చేసే మన తెలుగాయన ఉన్నాడు, సిటిజన్, ఒంటరి, షుగరుంది. షుగర్ టెస్ట్ స్ట్రిప్స్ అయిపోతాయని రోజూ చూసుకోడు, కళ్లు తిరిగితేనే చూసుకుంటాడు. పిల్లల్లేని మనిషికి ఎంత తక్కువ సంపాదన ఉన్నా టెక్సస్‌లో మెడికెయిడ్ ఇవ్వరు. పోనీ ఇన్సూరెన్స్ కొనడానికి 2014 నుంచి వచ్చే సబ్సిడీ తీసుకుందామంటే అది పేదరిక రేఖ దాటినవాళ్లకే, దానికింద ఉన్నవాళ్లకి ఎలాగూ మెడికెయిడ్ వస్తుందిలే అనుకుని చట్టం రాశారు. అంటే ఆయనకన్నా ఎక్కువ సంపాదించేవాడికి సాయం ఉంది, ఆయనకి లేదు. రాబర్ట్స్ గారేమో తీర్పిచ్చి మాల్టా దీవికి పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయారు.

అసలు ఈ రోజుల్లో ఏదైనా పూర్తిగా చదివే ఓపిక ఎవరికుంది! తీర్పొచ్చిన రోజు సీఎన్ఎన్, ఫాక్స్ టీవీల వాళ్లు దాని మొదటి పేజీలు చూసి చట్టం కొట్టేశారని దేశమంతా చాటేశారు. వాళ్లు కాసేపటికైనా సరిదిద్దుకున్నారు. మన పేపర్లు ఏజెన్సీ వార్తని తెలుగు చేసి, పైన ఒబామా నవ్వుతున్న ఫోటో పెట్టి ఊరట అని హెడ్డింగ్ కొట్టి వదిలేస్తున్నాయి. సినిమా హీరో పుట్టినరోజుకి ఫుల్ పేజీ దొరుకుతుంది, అమెరికాలో మనవాళ్లు ఇన్ని లక్షల మంది ఉన్నారు, వాళ్ల వైద్యం సంగతికి నాలుగు లైన్లు దొరకవా? ఆ మెడికెయిడ్ భాగం గురించి ఒక్క వివరణ వేయండి, లోపలి పేజీలో వేసినా పర్లేదు.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు
ప్లేనో, టెక్సస్