థామస్ లింకన్ ఊళ్లు ఎందుకు మారాడు? పాత భూమి దస్త్రాలు చెబుతాయి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అబ్రహాం లింకన్ జయంతికి మీరు వేసిన వ్యాసం చదివాను. దుంగల గుడిసె, పొయ్యి వెలుగులో చదువు, చివరికి అధ్యక్ష భవనం. మన పాఠ్యపుస్తకాల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న కథే. అందులో తండ్రి థామస్ లింకన్‌ను ఒక్క వాక్యంలో తేల్చేశారు: నిలకడ లేని మనిషి, కాళ్లకు బలపం కట్టుకొని తిరిగాడు అని. నేను సర్వే శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. ఆయన ఎందుకు తిరిగాడో అమెరికా భూమి దస్త్రాల్లో స్పష్టంగా ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు భూముల రికార్డులు తిరగరాస్తున్నారు కాబట్టి, ఆ సంగతి నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం.

థామస్ తండ్రి పేరు కూడా అబ్రహామే. వర్జీనియాలో ఉన్న పొలం అమ్ముకొని, కొండలు దాటి 1780ల మొదట్లో కుటుంబంతో కెంటకీ చేరాడు. 1786 మే నెలలో పొలం పనిలో ఉండగా స్థానిక తెగవారి కాల్పుల్లో చనిపోయాడు. ఆ అడవి అంతకుముందు ఎవరిదో గుర్తుంచుకుంటే ఆ తుపాకి ఎందుకు పేలిందో కూడా అర్థమవుతుంది. అప్పటికి థామస్ ఎనిమిదేళ్ల పిల్లవాడు. కెంటకీ ఇంకా వర్జీనియాలో భాగం. వీలునామా రాయకుండా తండ్రి పోతే భూమంతా పెద్దకొడుకుదే అని అక్కడి పాత చట్టం. దాన్ని మారుస్తూ 1785లోనే శాసనం చేశారు గానీ అది అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. ఆ తండ్రి మరో ఎనిమిది నెలలు బతికి ఉంటే థామస్‌కు వాటా దక్కేది. భూమి పెద్దన్న మోర్డెకై చేతికి పోయింది. థామస్ కూలిపనులు చేస్తూ, వడ్రంగం నేర్చుకొని పెరిగాడు.

అయినా 1803 నాటికే సొంతంగా కెంటకీలోని మిల్ క్రీక్ దగ్గర 238 ఎకరాలు కొన్నాడు. కొలతలో తప్పు దొర్లడంతో, అమ్మే నాటికి చేతిలో తేలినవి 200 ఎకరాలే. 1808లో 200 డాలర్లు పెట్టి సింకింగ్ స్ప్రింగ్ పొలం కొన్నాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 12న కొడుకు అబ్రహాం పుట్టింది అక్కడే. పాత యజమానుల బాకీ ఒకటి ఆ పొలం మీద ఉండటంతో అది కోర్టుకెక్కింది. 1811లో నాబ్ క్రీక్ ఒడ్డున 30 ఎకరాలకు మారాడు. ఈసారి ఫిలడెల్ఫియా నుంచి ఒక పాత పెద్ద కమతానికి వారసులమంటూ కొందరు దిగి, థామస్ మీదా పక్క రైతుల మీదా ఖాళీ చేయించే దావా వేశారు. ఆ దావా చివరికి థామస్‌కే అనుకూలంగా తేలింది. ఏం లాభం? అప్పటికే ఆయన ఊరు విడిచిపెట్టాడు.

తప్పు మనిషిలో వెతకడం తేలిక. కెంటకీలో ప్రభుత్వం ముందుగా భూమి కొలవలేదు. ఎవరికి వారే సర్వేయరును పెట్టుకొని, ఫలానా చెట్టు నుంచి ఫలానా వాగు దాకా అని చౌహద్దులు రాయించుకున్నారు. ఒకరి పట్టా మీద మరొకరి పట్టా ఎక్కి కూర్చుంది. సింకింగ్ స్ప్రింగ్ పొలానికి 1805 నాటి సర్వేలో హద్దుగా రాసినది ఒక తెల్ల ఓక్ చెట్టు. అది 1976 దాకా బతికే ఉంది. చెట్టు నిలిచింది, దాన్ని నమ్ముకున్న రైతు నిలవలేదు. తండ్రి కెంటకీ వదలడానికి బానిసత్వం కొంత కారణమనీ, ప్రధాన కారణం భూమి హక్కుల చిక్కులేననీ లింకనే 1860లో తన జీవిత వివరాల్లో రాశాడు.

1816 చివర్లో ఒహాయో నది దాటి కుటుంబం ఇండియానా చేరింది. అక్కడ పద్ధతి వేరు. 1785 చట్టం ప్రకారం ముందు కొలత, తర్వాతే అమ్మకం. ఆరు మైళ్ల చదరానికి ఒక టౌన్‌షిప్, అందులో 640 ఎకరాల సెక్షన్లు 36, వాటిలో 16వ సెక్షన్ బడి కోసం. కొలిచింది గంటర్ గొలుసుతో: 66 అడుగులు, నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అందులో నూరో వంతు మన సెంటు. మద్రాసు ప్రెసిడెన్సీలో మన పొలాల మీద లాగింది కూడా ఈ గొలుసునే. 1817 అక్టోబరులో థామస్ విన్సెన్స్‌లోని భూమి కార్యాలయంలో 160 ఎకరాలు రాయించుకున్నాడు: టౌన్‌షిప్ 4 దక్షిణం, రేంజి (టౌన్‌షిప్‌ల నిలువు వరుస) 5 పడమర, సెక్షన్ 32, నైరుతి మూల పావు భాగం. ఇంత చెబితే చాలు, ఏ సర్వేయరైనా నేరుగా వెళ్లి ఆ పొలంలో నిలబడగలడు. ఎకరా రెండు డాలర్లు, కిస్తుల మీద. ముందు 16 డాలర్లు, డిసెంబరులో 64 కట్టాడు. మిగతా బాకీ పదేళ్లు వెంటాడింది. చివరికి 1827లో సగం భూమి ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేసి, మిగిలిన 80 ఎకరాలకు తిరుగులేని పట్టా తీసుకున్నాడు. నిలకడ లేని మనిషి ఒకే పొలం కోసం పదేళ్లు పట్టుబడతాడా?

కొలిచి గీసిన ఆ చక్కటి చదరపు గళ్లను కూడా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. డెలావేర్, పియాంకెషా తెగలతో 1804లో ఒప్పందాలు రాయించుకొని కారుచౌకగా తీసుకున్న నేల మీద గీసిన గళ్లవి. ఆ ఒప్పందాలూ దస్త్రాల్లో భద్రంగా ఉన్నాయి కనుకే ఈ మాట ధైర్యంగా రాయగలుగుతున్నాను.

1830లో ఇల్లినాయికి వలస, అక్కడ మరికొన్ని పొలాలు, 1851లో మరణం. ఇల్లినాయిలో అబ్రహాం కొంతకాలం మా వృత్తివాడే, శాంగమన్ కౌంటీలో ఉప సర్వేయరు. బాకీల కింద ఆయన కొలత పరికరాలు వేలానికి వెళితే ఒక మిత్రుడు కొని తిరిగి ఇచ్చాడు. జీతాలు ఆలస్యమైన నెలల్లో ఈ సంగతి మా వాళ్లకు చెప్పి నవ్వించేవాణ్ని.

అసలు విషయానికి వస్తాను. లింకన్‌కే తన వంశం సరిగా తెలియదు. 1848లో చట్టసభ సభ్యుడిగా ఉండగా మసాచుసెట్స్‌లోని మరో లింకన్‌కు రాసిన ఉత్తరాల్లో, తాత వర్జీనియా నుంచి వచ్చాడనీ అంతకు ముందు పెన్సిల్వేనియా అనీ చెప్పి ఆగిపోయాడు. ఆయన బతికి ఉన్నంతకాలం తల్లిదండ్రుల పెళ్లి పత్రం దొరకలేదు. అది వేరే కౌంటీ కోర్టులో ఉంది, ఆయన చనిపోయాక బయటపడింది. తర్వాతి తరాల పరిశోధకులు దస్తావేజులు, వీలునామాలు, పన్ను జాబితాలు ఒకటొకటిగా కలుపుకుంటూ 1637లో ఇంగ్లండు నుంచి మసాచుసెట్స్‌లోని హింగమ్ చేరిన శామ్యూల్ లింకన్ దాకా ఏడు తరాల దారి పట్టుకున్నారు. అక్కడా లోపాలు లేకపోలేదు. 1850కి ముందు జనగణనలో ఇంటి యజమాని పేరే ఉండేది. 1850, 1860లలో బానిసలను పేర్లు లేకుండా వయసు, రంగు, స్త్రీపురుష భేదంతో సరిపెట్టారు. వాళ్ల మనుమలకు ఈ దారి అక్కడే తెగిపోతుంది. 1890 జనగణన చాలావరకు 1921 అగ్నిప్రమాదంలో పోయింది. ఉన్నవాటిని మాత్రం ఎవరికైనా చూపిస్తున్నారు. ఫెడరల్ పట్టాల ప్రతులను ఇంట్లో కూర్చొని కంప్యూటర్‌లో ఉచితంగా చూడవచ్చు.

మన దగ్గరో? ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివరి నుంచి రీసర్వే, తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి. కొత్తది రావడం మంచిదే. మరి పాత ఆర్.ఎస్.ఆర్.లు (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు), ఎఫ్.ఎం.బి.లు (పొలాల కొలతల పటాలు), తెలంగాణ వైపు పాత సర్వే రిజిస్టర్లైన సేత్వార్లు, పొలం వారీగా రాసిన 1954-55 ఖాస్రా పహాణీల గతి ఏమిటి? నేను చూసిన ఒక రికార్డు గదిలో ఎఫ్.ఎం.బి. పటాలు మడతల దగ్గర చిరిగి ఉండేవి. మూడు పొలాల హద్దులు కలిసే రాయి దగ్గర రాసిన లింకుల అంకే ఆ చిరుగులో పోయేది. రేపు తగాదా వచ్చేది ఆ రాయి దగ్గరే. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో దస్త్రాలు కాలిపోయిన సంగతి పాఠకులు మరిచిపోయి ఉండరు.

మన డెల్టా రైతులూ పడమరకే వెళ్లారు. పొలాలు అమ్ముకొని నిజాంసాగర్ కిందికి, తర్వాత తుంగభద్ర ఆయకట్టులోని గంగావతి, సింధనూరు వైపు వెళ్లి క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ల మనుమలు తాత అమ్మిన పొలం ఎక్కడిదో చూడాలంటే మూడు రాష్ట్రాల కార్యాలయాల చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి.

రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం ఒకటే. ఏ ఊరికైనా కొత్త రికార్డు ప్రకటించే ముందు ఆ ఊరి పాత రిజిస్టర్లు, పటాలు స్కాన్ చేసి అందరికీ ఉచితంగా కనబడేలా పెట్టాలి. స్కాన్ అయింది కదా అని అసలు కాగితాలను పారేయకుండా జిల్లా కేంద్రంలో భద్రపరచాలి. డ్రోన్లు, రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరాలు) కొన్న ఖజానాకు స్కానర్లు భారమేమీ కావు. రీసర్వే ఇంకా మొదలుకాని గ్రామాల్లోనైనా ఈ పని ముందు జరిగేలా ఉత్తర్వులివ్వాలని రెవెన్యూ మంత్రులిద్దరినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు,
పశ్చిమ గోదావరి జిల్లా